మామ ఎడమ చెయ్యి

మా మామ పోయిన సంగతి నాకు ఎల్లారెడ్డి షేర్ ఆటోలో తెలిసింది. గొప్ప కళాకారులు పోతే టీవీలో కింద ఎర్ర పట్టీ పరుగెడుతుంది. మా మామకు ఆటో డ్రైవరే వెనక్కి తిరిగి, "మీ కీబోర్డాయన పొద్దున పోయిండట గదా" అన్నాడు. నేను వెళ్తున్నది ఆయన దగ్గరికే, ప్రాక్టీసుకు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. కళాసేవ వివరాలు మనవి చేస్తాను. హైదరాబాదులో మొదట రాక్ బృందంలో వాయించాడు. గిటార్లవాళ్లు ముందు ఎగిరేవారు, ఫోటోల్లో మామది మోచేయి మాత్రం పడేది. ఆ బృందం చెదిరాక ఇంకొకతనితో కలిసి సింథ్-పాప్ మొదలుపెట్టాడు, అంటే డ్రమ్ములు కూడా యంత్రమే కొట్టే పాటలు. అవి ఎల్లారెడ్డిలో వినిపిస్తే మా తాత వెళ్లి ఇన్వర్టర్ చూసొచ్చాడు.

చివరికి కామారెడ్డి పెళ్లి ఆర్కెస్ట్రాలో తేలాడు. బరాత్ ఊరేగింపులో జనం అడిగిన పాటల మధ్య తన సొంత పాట ముక్క ఒకటి దూర్చేవాడు. ఎవరూ పట్టించుకోలేదు, ఒకసారి పెళ్లికొడుకు గుర్రం తప్ప. అది నడక ఆపింది. "దానికి చెవులున్నయి" అనేవాడు మామ.

తర్వాత డీజేలు వచ్చాయి. ఆ తర్వాత పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. అప్పుడు పట్టుకుంది ఆయనకు కోరిక, ఆ పాటను ఒక్కసారి మొదటినుంచి చివరిదాకా సొంతూళ్లో వాయించాలని. గణపతి మండపం పిల్లలను బతిమాలి, డీజేకు ముందు కాస్త సమయం సంపాదించాడు. ఎడమ చేతి ఉద్యోగానికి నన్ను ఎంపిక చేశాడు. ఇంజనీరింగ్ చదివి ఖాళీగా ఉండటమే నా అర్హత.

మంచం మీద భుజాలు ఆనించి కూర్చునేవాళ్లం. నావి కింది స్వరాలు నాలుగే. నాలుగోది మోగుతుండగా పాట అందుకోవడానికి ఆయన కుడిచెయ్యి గాల్లో ఆగి ఉండేది. ఈలోపే నేను వేలు తీసేసేవాణ్ని. "నువ్వు వాయించకురా అల్లుడా, వట్టిగ పట్టుకో. నేను అందుకునేదాంక ఇడువకు." మాట సగం పెదవితోనే వచ్చేది. కాలేజీలో రాని ఓపిక నాకు ఆ మంచం మీద వచ్చింది.

మండపానికి కర్రలు పాతకముందే పోయాడు.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవారికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా దూరంగా నిలబడటం మా దగ్గర పద్ధతి. మటన్ పెట్టాం, కల్లు పెట్టాం, డాక్టరు వద్దన్నా దొంగచాటుగా తిన్న మిర్చీ బజ్జీ కూడా పెట్టాం. కాకి గోడెక్కి కూర్చుంది, దిగలేదు. మా నాన్న ముందుకు వెళ్లి, మామ కూతురిని చదివిస్తానని విస్తరి ముందు మాటిచ్చి వచ్చాడు. అయినా దిగలేదు. ఎండ ముదిరింది.

అప్పటిదాకా ఏడవని అత్త నావైపు చూసి, "ఆ డబ్బా పట్కరా" అంది. ఇన్నేళ్లూ కీబోర్డును ఆమె అలాగే పిలిచింది.

టార్చిలైట్ల పాత సెల్లులు వేసి, విస్తరి పక్కన పెట్టాను. ఎడమవైపు కూర్చున్నాను. మూడు స్వరాలు వేసి, నాలుగోది పట్టుకున్నాను. ఇక్కడే ఆయన రావాలి. కుడివైపు తెల్ల మీటలన్నీ ఎండలో ఊరికే ఉన్నాయి. అందరూ కాకిని చూస్తున్నారు. సెల్లులు దిగి స్వరం సన్నబడుతోంది. నా వేలు లేవబోయింది.

"ఇడువకు" అంది వెనకనుంచి అత్త. "ఆయన ఇంకా అందుకోలే."