చీర అడ్డం పెట్టిన మూల

త్రిమూర్తులు పుట్టింది మొగల్తూరు దగ్గర, సముద్రం మీద బతికే ఇంట్లో. వల భుజాన వేసుకోవాల్సినవాడు పదో తరగతి పాసైన పుణ్యమా అని రొయ్యలు వలిచే షెడ్డులో సూపర్‌వైజరయ్యాడు. చేతిలో స్మార్ట్‌ఫోను, జేబులో రెండు పెన్నులు. నలభై మంది ఆడవాళ్ళు ‘సూపర్‌వైజర్ గారండీ’ అంటుంటే లోపల కాస్త పొంగేవాడు, పొంగనివాడెవడు లెండి. ఒక్క పెద్దింట్లమ్మ మాత్రం ‘ఒరే మూర్తులూ’ అని పిలిచేది. పక్కింటి మనిషి, చిన్నప్పుడు అతన్ని చంకనేసుకుని తిప్పిన మనిషి. ఆవిడ కూడా ఆ షెడ్డులోనే రొయ్యలు వలుస్తుంది.

అక్కడ ఆడవాళ్ళకి ఒక పద్ధతుంది. పొద్దుటినుంచీ ఐసు నీళ్ళలో చేతులు పెట్టి వలిచేసరికి చీర తడిసి నీచు వాసన పట్టేస్తుంది. ఆ చీరతో ఎవరూ ఆటో ఎక్కరు. వేరే చీర తెచ్చుకుంటారు. ఉన్న బాత్రూమ్ ఒక్కటే, దానికీ గడియ సరిగా పడదు. అందుకని ఖాళీ ట్రేలు పేర్చే మూలలో, గోడలు లేని వైపు, పెద్దింట్లమ్మ ఒక పాత చీరని బారుగా చాపి పట్టుకుని నిలబడేది. ఆవిడ వెనక ఆడపిల్లలు బట్టలు మార్చుకునేవారు. ఆవిడ అలా నిలబడి ఉండగా అటు తొంగిచూసే ధైర్యం ఆ షెడ్డులో ఏ మగాడికీ లేదు.

ట్రేలు తగ్గిపోతున్నాయని యజమాని శ్రీరామరాజు గారు కెమెరా పెట్టించారు. బిగించడానికి వచ్చినవాడు “ఎటు తిప్పమంటారండి?” అంటే త్రిమూర్తులు ట్రేల మూల చూపించాడు. ఐసు దింపించే హడావిడిలో ఉన్నాడు, ఆలోచించలేదు. సాయంత్రం ఫోనులో చూశాడు. కప్పు కిందనుంచి చూసేదానికి పెద్దింట్లమ్మ చీర ఏం అడ్డం? చటుక్కున ఫోను బోర్లా పెట్టేశాడు.

ఆ పూటే నిచ్చెన వేసి దాన్ని తిప్పేసి ఉంటే ఇదంతా చెప్పుకోవాల్సిన పనే లేదు. రేపు చూద్దామనుకున్నాడు. మర్నాడు లోడు వచ్చింది. ఈలోగా పెద్దింట్లమ్మే అడిగింది.

“ఒరే మూర్తులూ, ఆ గుండ్రటిది ఎటు చూస్తాదిరా?”

“గేటు వైపు పిన్నీ. మీ జోలికి రాదు.”

ఎందుకన్నాడో అతనికే తెలియదు. అన్నాక మరీ ఇరుక్కుపోయాడు. గేటు వైపు చూసేదాన్ని మళ్ళీ ఎందుకు తిప్పుతున్నావంటే ఏం చెబుతాడు? అలా ఇరవై రోజులు నెట్టుకొచ్చాడు. పని దిగే వేళకి ఫోను తెరవడం మానేశాడు, అదే పెద్ద మర్యాద అనుకున్నాడు. ఆ యాప్ రాజు గారి ఫోనులోనూ, గుమాస్తా ఫోనులోనూ, లారీలు చూసుకునే దొరబాబు ఫోనులోనూ ఉందన్న సంగతిని మాత్రం మనసు దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

సరుకు కొనే కంపెనీ తరఫున సత్యవాణి అనే ఆవిడ తనిఖీకి వచ్చింది. “కెమెరాలో పడిన మనిషి బొమ్మ ఆ మనిషి సొంత సమాచారమండి. దానికిప్పుడు చట్టం ఉంది. ఎందుకు తీస్తున్నారో, ఎన్నాళ్ళు ఉంచుతారో, ఎవరిని అడగాలో వాళ్ళకి తెలియాలి. బోర్డు పెట్టండి. ఇంతకీ ఇది ఎవరెవరు చూస్తారు?”

“నలుగురమండి.”

ఆవిడ అతని ఫోను తీసుకుని అందులో ఆ మూల చూసింది. ట్రేల మీద మడిచి పెట్టిన చీరలు చూసింది. “ఇక్కడ వాళ్ళేం చేస్తారండి?” అంది. త్రిమూర్తులు నేల చూస్తూ చెప్పాడు.

ఆవిడ అరవలేదు. “కెమెరా ఇప్పుడే తిప్పించండి. పాత వీడియోలు తుడిచేయండి. ఆ ఆడవాళ్ళకి జరిగింది చెప్పండి” అని వెళ్ళిపోయింది.

మొదటి రెండూ గంటలో అయిపోయాయి. మూడోదానికి రాజు గారు అడ్డం పడ్డారు. “బోర్డు పెడుతున్నాం కదయ్యా. ఇప్పుడివన్నీ చెబితే పని మానేసి పోతారు.” త్రిమూర్తులుకి ప్రాణం లేచొచ్చింది. సిగ్గులేకుండా సంతోషించాడు కూడా.

మర్నాడు గోడకి బోర్డు ఎక్కింది. టీ వేళ ఆడవాళ్ళు దాని చుట్టూ మూగారు. వాళ్ళలో ఇంటర్ చదివిన నాగదుర్గ పైకి చదివింది. గేటు దగ్గర సరుకు భద్రత కోసం మాత్రమే కెమెరా, ఏదైనా అడగాలంటే త్రిమూర్తులుని అడగవచ్చు, ఇదీ అతని ఫోను నంబరు. చదవడం ముగించి అతని వైపు తిరిగింది.

“నిన్న మీరు నిచ్చెన వేయించి ఈ కెమెరాని తిప్పించారు కదండీ. అంతకు ముందు ఎటు చూసేదండీ?”

అబద్ధమాడడానికి అన్నీ కలిసొచ్చాయి. వీడియోలు లేవు, సత్యవాణి లేదు, యజమాని తన వైపే ఉన్నాడు. అతను నోరు తెరిచేలోపు పెద్దింట్లమ్మ అందుకుంది. “గేటు వైపేనే. నేను ఎప్పుడో అడిగాను. మన మూర్తులు నాతో అబద్ధమాడతాడేంటి?”

ఆ మాటకి అతనికి అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది.

“కాదు పిన్నీ” అన్నాడు. “ఆ మూలకే చూసేది. ఇరవై రోజులు. నాకు మొదటిరోజే తెలుసు.”

“ఎవరు చూశారండీ?” నాగదుర్గ అడిగింది.

“నలుగురి ఫోనుల్లో ఉందమ్మా. మొదటిరోజు నేను చూశాను. మిగతావాళ్ళ సంగతి నాకు తెలీదు.”

ఒకమ్మాయి పైట భుజం నిండా లాక్కుంది. త్రిమూర్తులు తిట్లకి సిద్ధపడి తల వంచుకున్నాడు. పెద్దింట్లమ్మ వచ్చి చెంప మీద ఒక్కటిచ్చినా బాగుండుననుకున్నాడు. ఆవిడ అతని వైపు చూడనైనా చూడలేదు. ఐసు నీళ్ళకి తెల్లగా నానిపోయిన చేతులు రెండూ ఆ ఆడపిల్లల ముందు జోడించింది.

“తప్పయిపోయింది తల్లీ. నేను నిలబడ్డాను కదా అని మీరు నమ్మారు.”