ఒకటిన్నర మార్కుల సినిమా

గుమ్మఘట్ట పోయే రోడ్డు పక్కన రేకుల టాకీసు ఒకటుంది. అందులో బొమ్మ వేసే మనిషి కుళ్లాయప్ప. ఇరవై ఎనిమిదేళ్లుగా టాకీసు మేడ మీది ప్రొజెక్టరు గదే ఆయన లోకం. రీళ్లు తిప్పిన చేతులే ఇప్పుడు కంప్యూటరు పెట్టె మీద మీటలు నొక్కుతున్నాయి. ఓనరు ఓబుళేసు రాయదుర్గంలో ఉంటాడు, పెద్ద సినిమాలు వచ్చినప్పుడు తప్ప ఇటు తొంగి చూడడు. టికెట్లు చించాలన్నా, గేటు దగ్గర తగాదా తీర్చాలన్నా కుళ్లాయప్పే.

ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆయన మాటకున్న విలువ ఎమ్మెల్యే మాటకు కూడా లేదు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. వేరుశనగ ఎండిపోయిన ఏడు ఒక సినిమా చూడడమంటే ఒక పూట కూలి వదులుకోవడం. పిల్లల్ని ఎక్కించుకుని ఆటోలో అంత దూరం వచ్చేవాడికి ఆ బొమ్మ బాగుందో లేదో ముందే తెలియాలి కదా. అందుకని శుక్రవారం పొద్దున బయలుదేరే ముందు ఫోను చేసి, ఎన్ని మార్కులన్నా అని ఒక్క ముక్క అడిగేవాళ్లు. కుళ్లాయప్ప అయిదుకు ఇన్ని అని అంకె చెప్పేవాడు. మూడు దాటితే ఆటో కదిలేది. రెండున్నర అంటే సగం మంది దిగిపోయేవాళ్లు. రెండు కంటే తగ్గితే ఆ వారం ఆ ఊరు టాకీసు ముఖం చూసేది కాదు. అదే అంకెను గేటు పక్కన పలక మీద సుద్దముక్కతో రాసి పెట్టేవాడు.

పెద్ద హీరోల సినిమాలకు ఈ బాధ లేదు. మొదటి మూడు రోజులు అభిమానులకు మార్కులతో పనే లేదు, పలక మీద తక్కువ రాస్తే పలకే పీకి పారేస్తారు. చావంతా చిన్న సినిమాకే. శుక్రవారం మధ్యాహ్నంలోపు దాని తలరాత తేలిపోతుంది.

ఇంతకీ ఆ అంకెలు ఎక్కడివి? ఒకప్పుడు కుళ్లాయప్ప బొమ్మ చూసి తనకు తోచింది చెప్పేవాడు. ఆరేడేళ్ల కిందట ఒక చిన్న సినిమా ఆయనకు బాగా నచ్చింది. ఫోనులో సినిమాల మీద రాసేవాళ్లందరూ రెండు అంటే ఈయన మూడున్నర అన్నాడు. బెళుగుప్ప వైపు నుంచి మూడు ఆటోల జనం వచ్చారు, చూశారు, బయటికొచ్చి ఈయన చుట్టూ మూగారు. ఫోనులో రెండని ఉండాది గదా, వాళ్లకన్నా నువ్వేమి పెద్ద తెలిసినోడివా అని లింగప్ప అనే రైతు నలుగురిలో కడిగేశాడు. కుళ్లాయప్ప ముఖం ఇంతయిపోయింది. ఆ రోజు నుంచి తన కళ్లను తాను నమ్మడం మానేశాడు. హైదరాబాదులో ముందే సినిమా చూసినవాళ్లు తెల్లారేసరికి ఫోనులో మార్కులు వేసేస్తారు. మూడు చోట్ల చూసి నడుమ అంకె పలకకు ఎక్కించేవాడు. నువ్వు చూసినావా అని ఎవరైనా అడిగితే, చూడకుండా చెప్తానా అనేవాడు. చిన్న అబద్ధం, ఎవరికీ నష్టం లేదు అనుకున్నాడు పాపం.

ఆయన భార్య గంగాదేవి. పిల్లలు లేరు, ఇద్దరే ఉండేవాళ్లు. ఆమె పుట్టిల్లు బెళుగుప్ప దగ్గరి పల్లె. మూడేళ్ల కిందట ఆ పల్లెలో షూటింగు వాళ్లు దిగి, గుంపులో నిలబడే జనం కావాలన్నారు. గంగాదేవి తన చిన్ననాటి స్నేహితురాలు సువార్తతో కలిసి రెండు రోజులు పోయింది. తిరిగొచ్చిన సాయంత్రం ఆమె సంబరం చూడాలి! తన చేత ఒక మాట కూడా పలికించారట. ఆ మాటేమిటో చెప్పమని కుళ్లాయప్ప ఎంత అడిగినా చెప్పలేదు.

"ఇప్పుడే చెప్తే ఇంగేముంటాది? నీ టాకీసులో వేస్తావు గదా, అప్పుడు చూడుపో" అంది.

ఆయన నవ్వి వదిలేశాడు. అలాంటి సినిమాలు ఎన్ని మొదలవుతాయి, ఎన్ని బయటికొస్తాయి! దానికి అప్పటికి పేరైనా లేదు. ఎనిమిది నెలలు తిరక్కుండానే గంగాదేవి జ్వరంతో పడుకుని నాలుగో రోజు పోయింది. ఫోను ముట్టని మనిషి, వీడియో తీస్తామంటే కొంగు అడ్డం పెట్టుకునే మనిషి, ఆమె గొంతు ఎక్కడా మిగలలేదు. రేషన్ కార్డులోని ఫోటోను పెద్దది చేయించి గోడకు తగిలించాడు. అందులో ఆమె ఎవరినో చూసి బెదిరినట్టు ఉంటుంది. అది గంగాదేవి కాదని ఆయనకు రోజూ అనిపించేది.

పోయిన ఏడు శ్రావణంలో 'ఎర్రదుమ్ము' అనే సినిమా వచ్చింది. పోస్టరులో తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. పొద్దున్నే ఫోను తీశాడు. ఇద్దరు ఒకటిన్నర వేశారు, ఇంకొకాయన జాలిపడి ఇంకో పావు కలిపాడు. నత్తనడక, వినోదం సున్నా అని రాశారు. కుళ్లాయప్ప పలక మీద ఒకటిన్నర రాశాడు. ఆ పూట ఫోను చేసిన ప్రతివాడికీ అదే చెప్పాడు. పదకొండు ప్రాంతంలో తెలియని నంబరు నుంచి ఎవరో ఆత్రంగా, అక్కడ సినిమా ఎట్లుందండీ అని అడిగారు. ఒకటిన్నరప్పా, వచ్చే పని పెట్టుకోవద్దు అని పెట్టేశాడు. మార్నింగ్ షోకి ఏడుగురు వచ్చారు. బొమ్మ మొదలుపెట్టి, కిందికి దిగి టీకొట్టులో కూర్చున్నాడు. మ్యాట్నీకి పిట్ట కూడా రాలేదు. సాయంత్రం పాత సినిమా వేసుకున్నాడు. ఆదివారానికల్లా 'ఎర్రదుమ్ము' ఏ ఊళ్లోనూ లేదు. అంత తక్కువ మార్కులు పడ్డదాన్ని ఫోనుల్లో సినిమాలు చూపించే కంపెనీలు కూడా ముట్టుకోలేదు.

ఆ ఏడుగురిలో సువార్త ఒకతె. ఆ తర్వాత నెలపాటు ఆమె కుళ్లాయప్ప కంటబడకుండా తిరిగింది. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ టాకీసు ముందు ఆగింది.

"అన్నా, అక్కను చూసినావా?" అంది.

"ఏ అక్కను?"

"మా గంగక్కనన్నా. ఆ ఎర్రదుమ్ములో బస్సు కాడ నిలబడి ఉండాది గదా. మూటలెత్తుకొని ఊరంతా బెంగళూరికి పోతాంటే, ఈడ ఎవరుండాలప్పా మరి అంటాది."

 కుళ్లాయప్ప టాకీసు మెట్ల మీదే కూలబడ్డాడు. తన టాకీసులో, తన చేత్తో మొదలుపెట్టిన బొమ్మలో గంగాదేవి కదిలింది, మాట్లాడింది. ఆ సమయానికి తను టీకొట్టులో బన్ను ముంచుకు తింటున్నాడు. సువార్త ఇంకేదో చెప్పబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

పరుగున మేడెక్కాడు. సినిమా ఇంకా కంప్యూటరు పెట్టెలోనే ఉంది. సినిమాల జాబితాలో దాని పేరు కనిపిస్తోంది. కానీ ఈ కాలపు సినిమాలకు తాళం ఉంటుంది. ఇన్ని రోజులు ఆడుకోమని కంపెనీ తాళంచెవి లాంటి చిన్న ఫైలు పంపుతుంది, గడువు దాటితే బొమ్మ కళ్లముందున్నా తెరుచుకోదు. కుళ్లాయప్ప ఆ పేరు మీద నొక్కాడు. గడువు తీరిందని వచ్చింది. మళ్లీ నొక్కాడు. ఆ పూట ఎన్నిసార్లు నొక్కాడో ఆయనకే తెలియదు.

అప్పటి నుంచి ఆ మనిషి మనిషి కాదు. గది మూలన ఆ పెట్టె రోజంతా సన్నగా రొద చేస్తుంది. అంతకుముందు ఆ రొద ఆయన చెవికి ఆనేదే కాదు. ఇప్పుడు అందులో గంగాదేవి ఉందని తెలిసింది. వేరే సినిమా ఆడుతున్నా ఆ పెట్టె మీద చేయి వేసి నిలబడేవాడు. అది వెచ్చగా ఉండేది. ఒంటరిగా ఉన్నప్పుడు, ఉండు గంగా, తీస్తాలే అని దానితో చెప్పేవాడు. మధ్యాహ్నం ఆట నడుస్తుంటే వెనక ఎవరో ఆయన భుజం మీదుగా తొంగి చూస్తున్నట్టుండేది. భయం కాదు, సిగ్గు. తిరిగి చూడలేకపోయేవాడు.

ఇంతలో ఓబుళేసు ఫోను చేశాడు. వచ్చే శుక్రవారం పెద్ద హీరో సినిమా దిగుతోంది, పెట్టెలో చోటు లేదు, పాతవన్నీ తుడిచేయమన్నాడు. నాలుగు రోజులే ఉన్నాయి. కుళ్లాయప్ప పోస్టరు అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న నంబర్లన్నీ తిప్పి తిప్పి, చివరికి ఆ సినిమా తీసిన శశిని పట్టుకున్నాడు. ఆ అబ్బాయి సినిమాలు వదిలేసి, కొత్తచెరువులో బావ ఎరువుల దుకాణంలో కూర్చుంటున్నాడు. టాకీసు పేరు వినగానే అతని గొంతు మారింది. ఆ శుక్రవారం మీ టాకీసుకు ఫోను చేశానండీ, అన్నాడు. ఆ పల్లెల జనాన్ని పెట్టి తీశాను, ఎవరికి నచ్చకపోయినా వాళ్లు చూస్తారనుకున్నాను, ఎవరో వచ్చే పని పెట్టుకోవద్దన్నారు, అన్నాడు.

వేరే ఎవరో అయ్యుంటారని కుళ్లాయప్ప తప్పించుకుని ఉండవచ్చు. తప్పించుకోలేదు.

"ఆ చెప్పింది నేనేనప్పా. నీ సినిమా నేను చూడలా. చూడకుండానే చెప్పినా. దాంట్లో నా పెండ్లాం ఉండాది. ఆమె లేదిప్పుడు."

 శశి, ఒక్క ఆటకు తాళం తెప్పిస్తాను అన్నాడు. కానీ ఒక్కరి కోసం వేయొద్దన్నాడు. అందులో నటించిన పల్లె జనం సినిమా చూడనే లేదు, ముప్పై మందినైనా కూర్చోబెట్టమన్నాడు.

మోపెడు మీద కుళ్లాయప్ప పల్లె పల్లె తిరిగాడు. ఒక్కడూ కదలలేదు. నువ్వే గదా ఒకటిన్నర అన్నావు, ఇప్పుడేమి మూడైందా అని ఎగతాళి చేశారు. ఆయన అంకెను ఇన్నేళ్లు నమ్మినవాళ్లు అంత తేలిగ్గా ఎలా వదులుతారు! ఆఖరికి రచ్చబండ దగ్గర పదిమంది ముందు నిలబడి, ఏడేళ్లుగా మీకు చెప్పిన మార్కులు ఒక్కటీ నావి కావు, నేను ఏ బొమ్మా చూసి చెప్పలేదు అన్నాడు. తిట్టినవాళ్లు తిట్టారు. ఇంకెప్పుడూ ఆయనకు ఫోను చేసేది లేదన్నారు. లింగప్ప మాత్రం లేచి నిలబడి, గంగమ్మ ఉండాదంటే నేను వస్తా అన్నాడు. ఆయన వెనక ఇంకొందరు లేచారు.

బుధవారం మార్నింగ్ షోకి ముప్పై ఒక్కమంది వచ్చారు. సువార్త గోడవారగా కూర్చుంది, కుళ్లాయప్ప వైపు చూడలేదు. తాళం తెరుచుకుంది. కిటికీ రంధ్రానికి ముఖం ఆనించి ఆయన రెప్ప వేయలేదు. తెర మీద తమ తమ ముఖాలు కనబడుతుంటే కింద జనం ముందు నవ్వారు, తర్వాత ముందుకు వంగి చూడసాగారు. గంట దాటాక బస్సు వచ్చింది. మూటలు, కోళ్ల గంపలు, దుమ్ము. గుంపులోంచి గంగాదేవి ముందుకొచ్చింది. ఎండకు అరచేయి అడ్డం పెట్టుకుంది, అచ్చం గంగాదేవే.  ఆమె నోరు తెరిచింది.

"ఇక్కడ ఎవరుంటారు మరి?" అంది.

నున్నని పడుచు గొంతు, పట్నం గొంతు. పెదాలు గంగాదేవివి, మాట ఇంకెవరో ఆడమనిషిది. హైదరాబాదులో ఏ గదిలోనో కూర్చుని ఆమెకు మాట అతికించారు. ఆ రోజు మెట్ల దగ్గర సువార్త చెప్పలేక మింగేసింది ఇదే.

కుళ్లాయప్ప బొమ్మ ఆపాడు. వెనక్కి తిప్పాడు. శబ్దం పూర్తిగా తగ్గించేసి మళ్లీ వేశాడు. గంగాదేవి ముందుకొచ్చి, చేయి అడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా పెదాలు కదిపింది. ఈడ, ఎవరుండాలప్పా, మరి. పెదాల మీద ప్రతి అక్షరం ఆయనకు తెలుస్తోంది. వాటి మీదికి ఆమె గొంతు తెచ్చుకోవాలని చూశాడు. పాతికేళ్లు విన్న గొంతు, ఎక్కడికి పోతుంది! రాలేదు. మళ్లీ తిప్పాడు. మళ్లీ రాలేదు. నాలుగోసారి కూడా ఆయన చెవిలో ఆ పట్నం గొంతే పలికింది.

కింద ఎవరూ ఈల వేయలేదు, అరవలేదు. కాసేపటికి లింగప్ప చీకట్లోంచి, పోనీ అన్నా, ముందుకు పోనీ అన్నాడు. కుళ్లాయప్ప శబ్దం పెంచి బొమ్మను పోనిచ్చాడు. ఆట అయ్యాక ఆ పేరును పెట్టెలోంచి తనే తుడిచేశాడు.

శుక్రవారం పెద్ద సినిమా దిగింది, గేటు విరిగేలా జనం వచ్చారు. కుళ్లాయప్ప ఇప్పుడు ఎవరికీ మార్కులు చెప్పడు, అడిగేవాళ్లూ లేరు. ఇంట్లో అన్నం పెట్టుకుని కూర్చున్నప్పుడు, వాకిట్లోంచి గంగాదేవి పిలిచినట్టు అప్పుడప్పుడు వినబడుతుందట. ఆ పిలుపు నున్నగా, పడుచుగా, ఏమండీ అంటుంది. గంగాదేవి ఆయన్ను ఒక్కనాడూ ఏమండీ అని పిలవలేదు.