ఆకలి చంపే సూది

ఒళ్లు తగ్గాలని వారానికోసారి పెప్టైడ్ సూది వేసుకుంటున్నాను. మా ఊరు నిడుగల్లులో అమ్మ దగ్గరికి వచ్చాను. ఈ రోజు పొద్దున సూది తీస్తుంటే ఆమె చూసింది.

“ఏంది పాపా అది?”

“ఆకలి కాకుండా చేస్తాదిమ్మా. ఒళ్లు తగ్గుతాది.”

అమ్మ నవ్వింది. “సెనక్కాయ పంట ఎండిపోయిన కరువులో ఇది యాడ పోయిండె? నాకు ఆకల్లేదని మీతో అబద్ధం చెప్పే పని తప్పిండేది.”

ఆ రోజుల్లో తన సంగటి ముద్ద మా పళ్లాల్లోకి తోసేసేది. ఆకల్లేదంటే మేము నమ్మేవాళ్లం.

ఈ సాయంత్రం వేడి సంగటి చేసి, నేను తింటేనే తనూ తింటానని కూర్చుంది. ఒక్కసారైనా ఆమె పక్కన ఆబగా తినాలని ఉంది, కానీ ఆకలే లేదు. బాగా ఆకలిగా ఉందమ్మా అన్నాను. అమ్మ నమ్మిందంటారా?