నోటితో అని చూపించండి

హారన్ బాబాయ్ షెడ్డుకి ఎవరు కారు తెచ్చినా ఆయన ముందు బానెట్ ఎత్తడు. నూనె చేతులు గుడ్డకి తుడుచుకుని, ఎదుటివాళ్ల మొహంలోకి చూస్తూ, "హారన్ ఎలా మోగుతోందో నోటితో అని చూపించండి" అంటాడు. స్పీకర్ గరగరలాడినా ఇదే వరస. బ్యాంకు మేనేజరు మేకలా అరిచాడు, పళ్ల డాక్టరు కప్పలా బెకబెకమన్నాడు. ఆ పెదాలూ, బుగ్గలూ చూసి బాబాయ్ జబ్బు ఎక్కడుందో చెప్పేస్తాడు.

మొన్న ఒక హెడ్మిస్ట్రెస్ వచ్చింది. "నేను కూతలు కూయాలా? మీరే నొక్కి వినండి" అని, కాదంటే వెళ్లిపోయేలా తాళాలు అందుకుంది. బాబాయ్ గతుక్కుమన్నాడు. ఇంట్లో ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పని మాట బయటపెట్టాడు. "ముప్పై ఏళ్లు హారన్ల పక్కనే బతికానమ్మా. రెండు చెవులూ పోయాయి. చెవిటివాడంటే ఎవరొస్తారు చెప్పండి?" గుసగుసగా అన్నాననుకున్నాడు కానీ ఎదుటి టైర్ల షాపు దాకా వినబడింది. అక్కడివాళ్లంతా ఇటే చూస్తున్నారు. హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు తీసి, బుగ్గలు పూరించి, "బుర్ర్... పీ" అంది.

"ఎర్త్ వైరు తుప్పు పట్టిందమ్మా."

గరుకు కాగితంతో రుద్ది, బోల్టు బిగించి, హారన్ మీద అరచెయ్యి ఆనించి నొక్కమన్నాడు. అరచెయ్యి జుమ్మంది. అయినా అలవాటుగా ఆవిడ మొహం వైపు చూశాడు. ఆవిడ తల ఊపి ఊరుకోలేదు. మళ్లీ బుగ్గలు పూరించి, "పాఁ...మ్!" అని చూపించింది, ఈసారి ఎవరూ అడక్కుండానే.