పుంగనూరు ఆవుకు పొడుగు కాళ్లు

ఇంటర్నెట్ మా చిత్తూరికి కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, అందులో కనిపించే బొమ్మలన్నీ కాపలా లేని తోపులో రాలిన చింతకాయలని నా గట్టి నమ్మకం. ఏరుకున్నవాళ్లవే కాయలు. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు, ఫ్లెక్సీలు వేసే షాపులో డిజైనర్ ఉద్యోగం. (డిజైనర్ అన్నది నేను పెట్టుకున్న పేరు, ఓనరన్న మాత్రం 'కంప్యూటర్ పాప' అనేవాడు.) నెట్‌లో బొమ్మకు మూడు మార్పులు చేస్తే అది మనదైపోతుందని ఎవరో అనగా విని, అదే చట్టమనుకుని, షాపుకు వచ్చినవాళ్లందరికీ బోధించేదాన్ని.

ఒకసారి పలమనేరులో పాలకేంద్రం తెరవబోతున్న ఆసామి బోర్డు కోసం వచ్చాడు. నెట్‌లో వెతికి ఒక తెల్లావును పట్టాను. ఆయన ఎగాదిగా చూసి, "పాపా, మరీ కురసగా ఉండాదే. సూసినోళ్లు సెంబుడు పాలు గూడా ఇయ్యదనుకుంటారు" అన్నాడు. అదెంత పని! కాళ్లు సాగదీశాను, నుదుట కుంకుమ పెట్టాను, కుడివైపు చూస్తున్నదాన్ని ఎడమవైపుకు తిప్పాను. మూడు మార్పులూ అయ్యాయి. ఆసామి మురిసిపోయి, ప్రారంభానికి రెండు రోజుల ముందే బోర్డు కట్టేశాడు.

మర్నాడే ఒక పెద్దాయన షాపుకొచ్చారు. రిటైరైన పశువుల డాక్టరట. బోర్డు మీద మా షాపు పేరు చూసి, పలమనేరు నుంచి బస్సెక్కి వచ్చారు.

"ఆ బోర్డు మింద ఆవు యాడిదమ్మా?"

"నెట్‌లో దొరికింది సార్."

"దొరికేదానికి అదేమన్నా తప్పిపోయిందా? మా ఇంటి ముందర కట్టేసుంటే నేను ఫోటో తీసి, నలుగురూ సూస్తారని నెట్‌లో పెట్టినాను."

నేను తగ్గలేదు. "మూడు మార్పులు చేసినాను సార్. ఇప్పుడది మాది."

ఆయన నన్ను జాలిగా చూశారు. "పక్కింటి బిడ్డకు తల దువ్వి, బొట్టు పెట్టి, కొత్త గౌను తొడిగితే నీ బిడ్డయిపోతాదా?"

ఓనరన్న ముఖం పాలిపోయింది. "కేసు పెడతారా సార్?" అన్నాడు.

"కేసెందుకప్పా! ఫోటో తీసినోడిని ఒక మాట అడగల్ల. అడిగింటే సంతోషంగా ఇచ్చుందును." ఆయన నా వైపు తిరిగారు. "అది పుంగనూరు ఆవమ్మా. కురసగా ఉండేదే దాని అందం. ఆ జాతి మిగలల్లని ఇన్నేండ్లుగా సాకతా ఉండాను. నువ్వు దానికి ఒంటె కాళ్లు పెట్టినావు."

నా చట్టం అక్కడే ఆవిరైపోయింది. "తప్పయిపోయింది సార్" అనేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన స్టూలు లాక్కుని నా పక్కనే కూర్చున్నారు. అసలు ఫోటో మళ్లీ తెరిచి, కింద ఆవు జాతి, ఫోటో తీసిన ఆయన పేరు రాసి, కొత్త బోర్డు వేశాం. (ఈసారి కుంకుమ పెట్టకుండా వదిలేయబోతే, "అది ఉండనీలే, బాగుండాది" అన్నారు.) "మళ్లా కురసైపాయనే!" అని గొణిగిన ఆసామికి ఆయనే ఫోన్లో అరగంట పాఠం చెప్పారు.

ఆ తర్వాత వారం ఒక పెళ్లి బోర్డుకు మల్లెపూల ఫోటో కావలసి వచ్చింది. ఫోటో తీసిన ఆవిడెవరో వెతికి, డిక్షనరీ పక్కన పెట్టుకుని, నాకొచ్చిన ఇంగ్లీషులో మొట్టమొదటిసారి అనుమతి అడిగాను. రెండు రోజులకు జవాబు వచ్చింది: వాడుకోండి, అడిగినందుకు సంతోషం. దాన్ని ప్రింటు తీసి ఇంటికి పట్టుకెళితే అమ్మ, "ఏమ్మే, గవర్మెంటు ఉద్యోగమా?" అంది. "కాదుమా, మల్లెపూలు వాడుకోమన్నారు" అన్నాను, అంతకన్నా పెద్ద ఉద్యోగం ఉండదన్నట్టు. ఇప్పుడు అలాంటి అనుమతులు తరచూ వస్తాయి. చదివి పక్కన పెట్టేస్తాను. ఆ కాగితం పట్టుకుని బస్టాండు నుంచి ఇంటిదాకా పరిగెత్తిన ఆ పిల్లంటే మాత్రం నాకిప్పటికీ కొంచెం అసూయ.