మా టీచరమ్మ నేర్పిన నంబర్లు

మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ చనిపోయారు. ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చి, కాసేపు నడుం వాలుస్తానని చెప్పి పడుకున్నారట. మళ్ళీ లేవలేదు. పోర్టు రోడ్డులో బొగ్గు లారీలను తూచే ఉద్యోగం నాది. కాటా మీద ఒక లారీ, దాని వెనక పది లారీలు ఉండగా మా ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. తూకం చీటీ చింపి డ్రైవరుకి ఇవ్వాల్సినవాణ్ణి, చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. డ్రైవరు కిటికీలోంచి అరిచాడు. మామూలు రోజైతే నేను దానికి రెండింతలు అరిచేవాణ్ణి. నా నోటి సంగతి ముత్తుకూరు వైపు తిరిగే డ్రైవర్లందరికీ తెలుసు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ మంచితనం రాస్తారు. నేనూ రాస్తాను. కానీ స్థిమితంగా కూర్చుని రాస్తున్నాననుకోకండి. మా ఇంట్లో ఐదేళ్ళ పాప ఉంది. టీచరమ్మ పోయిన ఈ పదిహేను రోజుల్లో ఆ పిల్లని ఎలా ఓదార్చాలో తెలియక నేను పడిన అవస్థ పగవాడికి కూడా వద్దు. ఆ సంగతి అడగదగ్గ మనిషి నాకు ఒక్కరే ఉండేవారు, ఆ ఒక్కరూ పోయారు.

మా పాపకి ముక్కూ కళ్ళూ వాళ్ళమ్మవి. కోపం మాత్రం అచ్చం నాది. మూడేళ్ళప్పుడు అంగన్‌వాడీలో చేర్చిన వారంలోనే ఇద్దరు పిల్లల్ని కొరికింది. ఆడపిల్లకి ఇంత కోపమైతే రేపు ఎలాగని మా అమ్మ రోజూ సణిగేది. దిష్టి తీసింది, దర్గాకి తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. నేను చేసింది ఒక్కటే, కొట్టడం. కోపం మంచిది కాదని చెబుతూనే కొట్టేవాణ్ణి.

తాయెత్తు చూసి టీచరమ్మ నవ్వలేదు. ఉండనివ్వండి, నాయనమ్మకి ధైర్యంగా ఉంటుంది అన్నారు. పిల్ల సంగతి మాత్రం తన పద్ధతిలో తాను చూసుకున్నారు.

ఆ పద్ధతి గురించి చెప్పాలి. మా తీరంలో పిల్లలకి అక్షరాలు రాకముందే తుఫాను నంబర్లు వస్తాయి. వాయుగుండం పడితే చాలు, పోర్టులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక అంటారు. ముదిరితే మూడు, ఏడు, పది. అన్నం తింటూ పెద్దవాళ్ళు మాట్లాడుకునేది అదే. ఒక తుఫానుకి ఊరంతా షెల్టరులో ఉన్నప్పుడు టీచరమ్మ ఒళ్ళో కూర్చున్న పిల్ల ఒకతె, సముద్రానికి ఎంత కోపం వచ్చిందని అడిగిందట. ఏడు అని చెప్పారట ఈమె. నాకు మూడు వచ్చింది, మా అక్క నా దుప్పటి లాక్కుంది అందట ఆ పిల్ల. తుఫాను పోయింది, నంబర్లు మాత్రం అంగన్‌వాడీలో ఉండిపోయాయి.

పొద్దున గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ ఎంత అని అడిగేవారు. పిల్లలు వేళ్ళు చూపించేవాళ్ళు. ఒకటీ రెండూ అయితే లోపలికి పోయి ఆడుకోవచ్చు. మూడు దాటితే ఆమె కొంగు పట్టుకుని తిరగొచ్చు. ఏడు దాటితే ఆ పిల్లతో ఎవరూ మాట్లాడకూడదు, కాస్త ఎడంగా ఊరికే కూర్చోవాలి. మూడేళ్ళ బుడ్డోడు ఒకడికి నాలుగు వేళ్ళు పెట్టడం తప్ప ఇంకోటి చేతకాదు. వాడు సంతోషానికీ నాలుగే, ఏడుపుకీ నాలుగే. ఆమె వాడి మొహం కేసి చూసి, ఇది ఏ నాలుగో తేల్చుకునేవారు.

ఎంత అన్నది తెలిశాక ఏమిటి అన్నది అడిగేవారు. వచ్చింది కోపమా, అలకా, బెంగా, ఉక్రోషమా? ఇవన్నీ పిల్లలకి విడివిడిగా చెప్పేవారు. అలక అంటే ఎవరైనా వచ్చి పిలుస్తారని ఎదురుచూసేది, కోపమంటే పిలిచిన చేతిని కొరికేది అని. ఒకరోజు చాక్లెట్ కొననన్నానని పాప కాళ్ళు నేలకేసి బాదుతుంటే, ఏంటే ఆ కోపం అన్నాను. కోపం కాదు, ఉక్రోషం అంది ఎక్కిళ్ళ మధ్య. నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ ముక్క టీచరమ్మకి చెబితే ఆమె నవ్వలేదు. మన చేతిలో ఏమీ లేనప్పుడు వచ్చేదే ఉక్రోషమని పిల్ల సరిగ్గానే చెప్పిందని, నవ్వితే ఇంకోసారి చెప్పదని అన్నారు.

ఆమె దేవత కాదు. ఆమెకీ కోపం ఉండేది. పైవాళ్ళకి పంపాల్సిన ఫొటోలు ఫోనులో ఎక్కక, రిజిస్టర్లు తెమలక విసిగిన రోజున పిల్లలకి ఆరు వేళ్ళు చూపించి, కాసేపు నా దగ్గరికి రావద్దు అని వంటగదిలో పీట మీద కూర్చునేవారట. పిల్లలు గుసగుసలాడుకుంటూ బయట ఆగేవాళ్ళు. గుడ్లు వలిచి పెట్టే పని ఆ పూట అక్కడ వంట చూసే ఆయమ్మే చేసేది. తర్వాత ఆమె వచ్చి, తగ్గింది, రెండే ఉంది ఇప్పుడు అని చెప్పేవారు. తనకి కోపం వచ్చిందని పిల్లలతో ఒప్పుకున్న పెద్ద మనిషిని నేను ఆమెనొక్కరినే చూశాను.

నిరుడు ఒక సాయంత్రం డ్యూటీ నుంచి తల బద్దలవుతుండగా ఇంటికి వచ్చాను. పాప నా ముందుకు వచ్చి తొమ్మిది వేళ్ళు చూపించింది. ఆటలేమోనని పక్కకి నెట్టాను. పాప నా టిఫిన్ డబ్బా గోడకేసి కొట్టింది. నేను పాపని కొట్టాను. చెంప మీద నా వేళ్ళు తేలాయి. మర్నాడు మధ్యాహ్నం మండుటెండలో గొడుగు వేసుకుని, లారీల దుమ్ములో నడుచుకుంటూ టీచరమ్మ కాటా దగ్గరికి వచ్చారు.

"నాయనా, పిల్ల నీకు తొమ్మిది చూపించిందంట గదా," అన్నారు.

ఆటలాడుతోంది అనుకున్నానని చెప్పాను.

"ముందే చెప్పింది. అంత కోపంలో కూడా ఆగి, వచ్చి చెప్పింది. ఐదేళ్ళు నిండని పిల్ల అంతకంటే ఏం చేస్తాది? చెప్తే కూడా దెబ్బలే అయితే ఇంక చెప్పేది మానుకుంటాది. అప్పుడు నీకేమీ తెలియదు."

తర్వాత, నీది ఎంత ఇప్పుడు అని అడిగారు. డ్రైవర్లు చూస్తున్నారు. ముప్పై ఐదేళ్ళవాణ్ణి, నాలుగు వేళ్ళు చూపించాను. సిగ్గుతో చచ్చాను. ఆమె తలూపి, సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఇచ్చి వెళ్ళిపోయారు. ఆ రోజుతో నేను మారిపోయానని రాస్తే అబద్ధం. ఆ తర్వాత రెండుసార్లు చెయ్యి చేసుకున్నాను. రెండుసార్లూ నేనే వెళ్ళి ఆమెకి చెప్పాను. తిట్టలేదు, పోనీలే అని కూడా అనలేదు. "చెప్పినావు గదా, అది చాలు ఈ పొద్దుకి," అన్నారు. తర్వాత అలా చెప్పుకునే అవసరం రాలేదు.

అలాంటి మనిషి పోతే మేమేం చేశామో వినండి. పిల్లలకి చెప్పకూడదని పెద్దవాళ్ళందరం అనుకున్నాం. చావు ఇంటికి పిల్లల్ని తీసుకుపోవడం మా దగ్గర లేదు. ఆమెను పెట్టెలో ఉంచి మోసుకుపోతుంటే నేనూ ఒక భుజం పట్టాను. సాయంత్రం ఇంటికొచ్చి తలస్నానం చేసి, టీచరమ్మ ఊరెళ్ళిందని పాపకి చెప్పాను. ప్రతి ఇంట్లోనూ ఇదే జరిగింది, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు.

బుధవారం అంగన్‌వాడీ తెరిచారు. ఆయమ్మ ఒక్కతే ఉంది. ఇరవై మంది పిల్లలు కూర్చుని ఎవరింట్లో ఏం చెప్పారో చెప్పుకున్నారు. మా అమ్మ ట్రైనింగ్‌కి పోయిందన్నది అని ఒకతె, మా నాన్న నెల్లూరు పోయిందన్నాడు అని ఇంకొకడు, మా అవ్వ వేరే ఊరికి మార్చేసినారన్నది అని మరొకతె. ఏ ఒక్కటీ ఇంకోదానితో కలవలేదు. పెద్దవాళ్ళు అబద్ధం చెబుతున్నారని ఇరవై మందికీ ఆ పూటే తెలిసిపోయింది. ఎందుకు చెబుతున్నారో మాత్రం ఎవరి మటుకు వాళ్ళు ఊహించుకున్నారు.

ఆ రోజు నుంచి మా పాప కోప్పడడం మానేసింది. పెట్టింది తింది, పడుకోమంటే పడుకుంది. ఎంత అని అడిగితే గుప్పిట మూసుకుంది. తాయెత్తు ఇప్పటికి పనిచేసిందని మా అమ్మ సంబరపడింది. నేనూ సంబరపడ్డాను. పాప చక్కగా ఉంటోంది అని కాటా దగ్గర గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

పదో రోజు పొద్దున వాళ్ళమ్మ జడ వేస్తుంటే పాప మెల్లగా అడిగింది.

"అమ్మా, ఎన్ని దినాలు మంచిగా ఉంటే టీచరమ్మ వస్తాది?"

బూట్లు వేసుకుంటున్న నేను అలాగే ఉండిపోయాను. మా ఆవిడ దువ్వెన పట్టుకుని నా కేసి చూసింది. అంగన్‌వాడీలో ఏం జరిగిందో అడగడానికి, జడ సగంలో ఉండగానే నేను ఆయమ్మ ఇంటికి పరుగెత్తాను.

ఆయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చివరి శనివారం టీచరమ్మకి ఒంట్లో బాగాలేదట. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నారట. ఎవరో పిల్ల మా పాప బొమ్మని లాక్కుంది. పాప టీచరమ్మ ఎదురుగా నిలబడి పది వేళ్ళూ చూపించింది. ఆమె చూడలేదు. పాప చాలాసేపు అలాగే చేతులెత్తి నిలబడింది. చివరికి స్టీలు గ్లాసు తీసి ఆమె మీదకి విసిరి, నువ్వు వద్దు, నువ్వు పో అని అరిచింది. సోమవారానికి టీచరమ్మ లేరు.

గుండెపోటన్నారు. ఆ గుండె ఆదివారం ఆగింది గానీ శనివారమే అలిసిపోయి ఉంటుంది. ఆమె చూడని హెచ్చరిక జీవితంలో అదొక్కటే అయ్యుంటుంది. అది నా కూతురిది కావాల్సి వచ్చింది.

దారి పొడుగునా నేను ఆమెనే తలచుకున్నాను. ఏం చెప్పమంటారు టీచరమ్మా అని పైకే అడిగాను, పిచ్చివాడిలాగా. ఇంటికి వచ్చి పాపని బండి మీద కూర్చోబెట్టుకుని సరుగుడు తోపు అవతల ఉన్న సమాధుల దగ్గరికి తీసుకుపోయాను. మా అమ్మ వద్దంటూ వీధి చివరి దాకా వెనకాల వచ్చింది. ఆగలేదు. ఆగితే నాకు మళ్ళీ ధైర్యం చాలదని తెలుసు.

కొత్త మట్టి ఇంకా కుదురుకోలేదు. పూలదండలు ఎండిపోయి ఉన్నాయి. పాపని దించి, పక్కన కూలబడ్డాను.

"టీచరమ్మ ఊరికి పోలేదు పాపా. చచ్చిపోయింది. గుండెకి జబ్బు చేసి ఆగిపోయింది. ఈడ పూడ్చినాం. నువ్వు గ్లాసు విసిరినందుకు కాదు. పొమ్మన్నందుకు కాదు."

పాప మట్టి కేసి చూసింది. మళ్ళీ రాదా అని అడిగింది. రాదన్నాను.

"నేను మంచిగా ఉన్నా రాదా?"

"నువ్వు ఎట్టా ఉన్నా రాదమ్మా."

"మరి ఊరికి పోయిందని ఎందుకు చెప్పినావు?"

"నాకు భయమేసింది," అన్నాను. నా కూతురికి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి. "చెప్తే నువ్వు ఏడుస్తావని, ఏడిస్తే నాకు ఏమీ చేతకాదని భయమేసింది."

పాప నా చెయ్యి పట్టుకుని కొరికింది. గట్టిగా, మూడేళ్ళప్పుడు కొరికినట్టు. నేను చెయ్యి లాక్కోలేదు. ఆ పళ్ళు వదిలాక ఏడుపు మొదలైంది. పది రోజులది, ఒక్కసారిగా. మా అమ్మయితే ఊరుకోబెట్టి ఎత్తుకునేది. నేను ఎత్తుకోలేదు, ఊరుకో అనలేదు. ఏం చేయాలో తెలిసి కాదు, ఏమీ తెలియక.

రొయ్యల మేత బస్తాలు వేసుకుని పోతున్న మనిషి ఒకడు రోడ్డు మీద బండి ఆపాడు. నాకు పరిచయం లేనివాడు.

"ఏందన్నా, పిల్లని కొట్టినావా?" అని కేకేశాడు.

అలా అనుకోవడం తప్పు కాదు, నన్ను చూసి ఎవరైనా అదే అనుకుంటారు.

"లేదన్నా," అన్నాను. "వాళ్ళ టీచరమ్మ చచ్చిపోయింది. ఈ పొద్దే చెప్పినా."

ఆ మనిషి సమాధి కేసి చూశాడు, పాప కేసి చూశాడు. ఇంజను ఆపి, బండి స్టాండు వేసి, తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. రోడ్డు మీద బొగ్గు లారీలు వరసగా పోతూనే ఉన్నాయి. ఆ మోతలో కూడా పాప ఏడుపు వినబడుతోంది. అతను కదలకుండా అక్కడే నిలబడ్డాడు.