చీరకు హెల్మెట్టు

కడప జిల్లాలో చీరకు హెల్మెట్టు తప్పనిసరి చేసిన మహానుభావుడు ఒక్కడే. వాడే ఇది రాస్తున్నవాడు. ఆ రూలుతో మా కంపెనీని పుట్టిన ఏడాదే పాడెక్కించబోయాను. మీరు నవ్వండి, పర్వాలేదు. మా ప్లీడరు గారు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. ఫీజు మాత్రం తగ్గించలేదు.

నేను తొమ్మిదో తరగతిలోనే బడికి సలాం కొట్టినవాణ్ని. నా స్నేహితుడు ఓబులేసు నేతగాడు. వాడు నేసిన నూలు చీరల ఫొటోలు ఫోనులో పెట్టి అమ్ముదామని ఇద్దరం పూనుకున్నాం. మా వేంపల్లెలో దాన్ని అంగడి అంటారు. మేం స్టార్టప్ అన్నాం. అలా అంటే కాలరు కాస్త ఎగరేసుకోవచ్చు.

వెబ్‌సైటు తయారవుతుండగా ఓబులేసు అడిగాడు.

"కింద రూల్సు పెట్టల్లంట బాషా. ప్లీడరుతో రాయిద్దామా?"

"రూల్సు ఎవురు చదువుతార్రా? పెండ్లి పత్రికలో అడుగున బంధుమిత్రుల అభినందనలు ఉంటాయి చూడు, ఇవీ అట్లాంటివే."

ఇంటర్నెట్టులో ఎవరో బండ్లు బాడుగకిచ్చేవాళ్ల పేజీ దొరికింది. రూల్సన్నీ తెలుగులో, కోర్టు బంట్రోతులా బిగుసుకుని నిలబడి ఉన్నాయి. మొత్తం ఎత్తుకొచ్చాను. ‘బండి’ అన్న చోటల్లా ‘చీర’ పెట్టమని ఫోనుకు చెప్పాను. రెప్పపాటులో పెట్టేసింది. లా చదువుకు జనం అన్నేళ్లు ఎందుకు తగలేస్తారో అనిపించింది, నిజంగా!

డోన్‌లో రూతమ్మ అని రిటైరైన టీచరమ్మ, చర్చిలో పాటల బృందానికి పెద్ద. ఈస్టరుకు బృందమంతటికీ ఎర్రంచు తెల్ల చీరలు కావాలని మాకు ఆర్డరిచ్చి, సొమ్ము ముందే కట్టేసింది. ఓబులేసు ఇంటిల్లిపాదీ మగ్గం దిగకుండా నేశారు. ఆ సొమ్మంతా కొత్త నూలుకు పోసేశాం. మా మొదటి పెద్ద బేరం కదా, కడపలో గది కూడా బాడుగకు తీసుకుని, ఇంటాయన రాయించిన షరతుల కాగితం మీద సంతకం పెట్టాం.

ఈస్టరు వెళ్లిన కొన్నాళ్లకు ఆ గది ముందు ఒక ఆటో ఆగింది. రూతమ్మ దిగింది. ఆమె వెనకే మూటలు దిగాయి.

"వందనాలప్పా. చీరలు తెచ్చినా, చూసుకో. మా దుడ్లు మాకిచ్చేయ్."

"అదేందమ్మా! అవి మీరు కొన్యారు గదా!"

"కొన్యామా? నీ రూల్సు నువ్వే చదవలేదా?" ఆమె కళ్లజోడు పెట్టుకుని ఫోను తీసింది. బడిలో కూడా నన్ను ఎవరూ అంత భయపెట్టలేదు. "‘కట్టిన మొత్తం డిపాజిట్టుగా ఉండును. వాడుకున్న తర్వాత చీరని కడిగి అప్పగించిన యెడల, బాడుగ పోను మిగతాది వాపసు.’ ఉతికినాం, గంజి పెట్టినాం, ఇస్త్రీ చేసినాం. ఇంకేం గావల్ల?"

"అమ్మా, అది..."

"‘చీరపై ఇద్దరికి మించి ఎక్కరాదు.’ ఎక్కలేదు. ‘చీర నడుపువారు హెల్మెట్టు ధరించవలెను.’ ఈ ఒక్కదానికి మన్నించల్ల నాయనా. హెల్మెట్లు పెట్టుకోని కీర్తన పాడితే పాస్టరయ్య ఒప్పుకోడు."

ఓబులేసు మూటల వంక చూశాడు, నా వంక చూశాడు. "ఏం రాసినావురా సామీ?"

"నేను రాయలేదురా..."

"అదే గదా నా ఏడుపు! కట్టి ఇడిసిన చీరలు ఎవురు కొంటారు? ఈయమ్మకు యాడనుంచి తెచ్చియ్యల్ల? మగ్గం అమ్ముకోని బెంగళూరులో ఎవురిదో గేటు కాడ నిలబడల్ల నేను!"

నాకు నవ్వులాట తప్ప ఇంకేమీ చేతకాదు. ఆ రోజు అదీ రాలేదు.

ముగ్గురం అదే ఆటోలో మూటలతో సహా ప్లీడరు గారి దగ్గరికి పోయాం. ఆయన చదివారు. చదువుతూ ఊగుతుంటే కుర్చీ కిర్రుకిర్రుమంది.

"ఏమప్పా, చీరలో పెట్రోలు యాడ పోస్తారు?"

"సార్, కేసు గెలుస్తామా?"

"నీ మీద నేనే ఏసేట్లుండా! అమ్మేవాడు బాడుగోళ్ల రూల్సు తగిలించుకుంటే ఇంతే. రాసినదాని ప్రకారం ఆయమ్మ మాటే నెగ్గుతాది. సరే, మీ ఇద్దరి మధ్య ఒప్పందం కాగితం ఉండాదా?"

"స్నేహం ఉండాది సార్."

"దాన్ని యాడ రిజిస్టరు చేపిచ్చినారు?"

ఓబులేసు చూపును బట్టి, అది అప్పటికే రద్దయినట్టుంది.

ప్లీడరు గారు రూతమ్మ వైపు తిరిగారు. "ఏమ్మా, చీరలు నచ్చలేదా?"

"నచ్చకపోవడమేంది సార్!" ఆమె గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "శానా బాగుండాయి. మడత పెట్టేటప్పుడు మా ఆడోళ్లకు చేతులు రాలేదు. ఒకామె బీరువాలో దాసిపెట్టుకుంటే, బాడుగ చీర దాచడం పాపమని గదిమి గుంజుకొచ్చినా. వీళ్లు అమ్మరంట గదా, ఏం చేసేది?"

"అమ్ముతాం తల్లీ!" ఓబులేసు కుర్చీలోంచి లేచిపోయాడు. "అన్నీ నీవే!"

"అయితే అమ్మినామని రాసియ్యండి. రాసేది సారు. ఈ బాషా పెన్ను ముట్టగూడదు."

ప్లీడరు గారు అక్కడికక్కడే రాశారు. ఆ ఊపులోనే మా ఇద్దరి భాగస్వామ్యానికీ కాగితం రాసి, వెబ్‌సైటు రూల్సు కొత్తగా కూర్చారు. మూటలు వచ్చిన ఆటోలోనే వెనక్కి ఎక్కాయి. ఆ రోజు అందరికన్నా బాగుపడింది ఆటో అతనే.

"నువ్వు మాత్రం ప్రమాణం రాసియ్యల్ల," అని ఓబులేసు పట్టుబట్టాడు. రాసిచ్చాను. మీరూ సాక్షులుగా ఉండండి:

"వేంపల్లె వాస్తవ్యుడనగు బాషా అను నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా వ్రాసి ఇచ్చునది ఏమనగా: ఇకమీదట ఒకరి రాతలు ఎత్తుకొచ్చి నావిగా పెట్టను. ప్రతి ముక్కా సొంత బుర్రతో ఆలోచించి, ప్లీడరు గారికి చూపించాకే పెడతాను. గోడలకు మేకులు కొట్టను. ఖాళీ చేసేటప్పుడు సున్నం వేయించి తాళాలు అప్పగిస్తాను."